శ్రవణశాస్త్ర విద్య: దాని పుట్టుపూర్వోత్తరములు

చూపు లేనివాని కష్టము చూచువారికి వెంటనే తెలియును. వినికిడి లేనివాని కష్టము ప్రక్కనున్నవారికి సైతము తెలియదు. అంధునకు చేయూత నిచ్చి వీథి దాటించు లోకమే బధిరుని జూచి నవ్వుకొనును. ‘చెవిటివాని ముందు శంఖ మూదిన, దానిని కొరుకుట నీ తాతతరము గాదనెనట’ యను సామెత తెలుగునాట నెల్లరును ఎరిగినదే. ఈ సామెతను పలికి నవ్వువారు ఒక్క విషయమును గమనింపరు. ఆ చెవిటివాడు మూర్ఖుడు కాడు. శంఖధ్వని వానికి వినబడలేదు కాని, ఊదువాని పెదవులను, ఉబ్బిన బుగ్గలను వాడు చక్కగా చూచినాడు. చూచిన దానిని బట్టి తనకు తోచిన యర్థమును చెప్పినాడు. చెవి చేయవలసిన పనిని కన్ను చేసినది. ఆ లోపమెంత, అది చెవిలో నే భాగమున నున్నది, మిగిలిన వినికిడిని ఎట్లు వాడుకొనవచ్చును అని ప్రశ్నించినవారు మాత్రము చిరకాలము లేకపోయిరి.

ఆ ప్రశ్నలకు సమాధానము చెప్పు శాస్త్రమే నేడు విశ్వవిద్యాలయములలో ఎమ్మెస్సీ స్థాయివరకును, అంతకు పైనను బోధింపబడుచున్న ఆడియాలజీ, అనగా శ్రవణశాస్త్రము. భౌతికశాస్త్రము, శారీరకశాస్త్రము, వైద్యము, భాషాశాస్త్రము, మనశ్శాస్త్రము, విద్యుత్సాధన నిర్మాణము అను ఆరు పాయలు ఇందు సంగమించినవి. ప్రత్యేక విద్యగా దీని వయస్సు నూరేండ్లు నిండలేదు. యుద్ధభూమిలో చెవులు పోగొట్టుకొన్న సైనికుల నిమిత్తము పుట్టిన ఈ విద్య, ఇరువది యేండ్లు గడచునప్పటికి మైసూరు నగరమున పాదుకొనుట ఆధునిక విద్యాచరిత్రలో గమనింపదగిన ఘట్టము.

ప్రాచీనుల భావనలు

శబ్దమును గూర్చి, శ్రవణమును గూర్చి భారతీయులు మిక్కిలి ప్రాచీనకాలముననే చింతించిరి. శబ్దము ఆకాశము యొక్క గుణమనియు, చెవి దొప్పలోపల పరిమితమైయున్న ఆకాశమే శ్రోత్రేంద్రియమనియు న్యాయ వైశేషికులు ప్రతిపాదించిరి. ఎక్కడనో పుట్టిన శబ్దము చెవినెట్లు చేరునను ప్రశ్నకు వారు రెండు దృష్టాంతములు చూపిరి. నీటిలో రాయి పడినపుడు ఒక యల మరియొక యలను పుట్టించుచు ఒడ్డును చేరునట్లు శబ్దము శబ్దాంతరమును పుట్టించుచు చెవిని చేరుననుట వీచీతరంగ న్యాయము. కడిమిమొగ్గ యొక్కసారిగా నన్ని వైపులకు కేసరములు విచ్చునట్లు శబ్దము దశదిశలకు వ్యాపించుననుట కదంబముకుళ న్యాయము. పరికరములు లేని కాలమున కేవలము ఊహచే ఇంత దూరము పోవుట సామాన్యము కాదు.

వైద్యులును వెనుకబడియుండలేదు. సుశ్రుతసంహిత యందలి ఉత్తరతంత్రము 28 కర్ణరోగములను లెక్కించినది. వానిలో బాధిర్యమును కలదు. బయట శబ్దము లేకయే చెవిలో మ్రోత వినబడు కర్ణనాదమును కలదు. ఇక వర్ణములు పుట్టు స్థానములను, ప్రయత్నములను విభజించి చెప్పిన శిక్షాశాస్త్రము వాక్కును గూర్చిన శాస్త్రములలో ప్రపంచమున ప్రాచీనతమములలో నొకటి. అయినను ఒక కొరత మిగిలినది. వినికిడిని కొలుచుటకు కొలబద్ద లేదు. ‘కొంచెము వినబడును’, ‘బొత్తుగా వినబడదు’ అనుటయే కాని, ఎంత యని చెప్పు మార్గము లేకుండెను. కొలత లేనిదే శాస్త్రము ముందునకు సాగదు.

కొలబద్ద దొరకిన విధము

క్రీ. శ. 1851లో ఇటలీ దేశీయుడగు అల్ఫోన్సో కోర్టి సూక్ష్మదర్శినితో లోపలిచెవిని పరిశీలించి, కర్ణావర్తమునందలి సున్నితమగు రోమకణముల వరుసలను వర్ణించెను. నత్తగుల్లవలె చుట్టలు చుట్టుకొనియున్న ఆ కర్ణావర్తముననే శబ్దకంపనము నాడీసంకేతముగా మారును. 1863లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆ వరుసలను వీణతంత్రులతో పోల్చదగిన రీతిని వివరించి, ఒక్కొక్క భాగ మొక్కొక్క స్వరమునకు స్పందించునని సిద్ధాంతీకరించెను.

టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ వృత్తిచేత బధిరబాలుర యుపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి తక్కువ. భార్య మేబెల్ బాల్యముననే జ్వరము వలన వినికిడిని పూర్తిగా కోల్పోయినది. 1876లో టెలిఫోను వెలువడిన పిమ్మట, శబ్దమును విద్యుత్తుగా మార్చి, దాని బలమును పెంచుటకును తగ్గించుటకును వీలుకలిగెను. 1879లో డేవిడ్ హ్యూస్ ఆ యుపాయముతో వినికిడిని పరీక్షించు పరికరమును నిర్మింపగా, దానికి ఆడియోమీటరను పేరు స్థిరపడినది. అయితే బెల్ పండితుని పేరు బధిరులలో వివాదాస్పదమనుటయు సత్యమే. బధిరులు హస్తసంజ్ఞలను విడిచి నోటిమాటనే నేర్వవలెనని ఆయన పట్టుపట్టెను. 1880లో మిలాను నగరమున జరిగిన అధ్యాపకుల మహాసభ ఆ మతమునే తీర్మానించినది. తత్ఫలితముగా సంజ్ఞాభాష అనేక పాఠశాలలనుండి బహిష్కృతమైనది. ఒక భాషను లాగికొని, దాని స్థానమున మరియొక భాషను సరిగా ఈయలేకపోయిన ఆ విధానము పెక్కుమంది బాలుర కపకారము చేసినదని నేడు విద్యావేత్తలు అంగీకరించుచున్నారు. సంజ్ఞాభాష స్వయంసంపూర్ణమైన భాషయే యని 1960 తరువాత భాషాశాస్త్రజ్ఞులు నిరూపించిరి.

1922లో అమెరికాయందు ఫౌలరను చెవివైద్యుడును, వెగెలను ఇంజనీరును కలసి వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ పక్షమున వాల్వులతో పనిచేయు ఆడియోమీటరును రూపొందించిరి. వైద్యుడు, ఇంజనీరు ఒక బల్లయొద్ద గూర్చుండిననే గాని ఈ శాస్త్రము నడువదనుట నాడే తేలినది. పరీక్షాఫలితమును రేఖాపటముగా గీయు పద్ధతియు వారి నుండియే వచ్చినది. ఆడియోగ్రామనబడు ఆ పటమున అడ్డుగీతపై పౌనఃపున్యములు, అనగా స్వరము యొక్క మంద్రతారస్థాయిలు, సాధారణముగా 250 నుండి 8000 వరకు గుర్తింపబడును. నిలువుగీతపై ధ్వనిబలము డెసిబెల్లులలో గుర్తింపబడును. ఒక్కొక్క స్వరమును వినగలిగిన కనిష్ఠబలమును చుక్కలుగా గుర్తించి కలిపినచో, ఆ మనిషి వినికిడి యంతయు ఒక కాగితముపై కనబడును. డెసిబెల్ అను మాటలో నున్నది బెల్ పండితుని పేరే.

ఇందులో ఒక సూక్ష్మము కలదు. శబ్దము బయటినుండి కర్ణభేరిద్వారా ప్రవేశించునట్లు ఒకసారియు, చెవి వెనుక ఎముకపై కంపనపరికరముంచి నేరుగా లోపలిచెవికి చేరునట్లు మరియొకసారియు పరీక్షింతురు. ఎముకద్వారా చక్కగా వినుచు గాలిద్వారా వినలేనిచో లోపము బయటిచెవిలోనో, కూటకము, దాగలి, కర్ణాంతరాస్థి అను చిన్నియెముకలు గల మధ్యచెవిలోనో కలదు. దానికి తరచు ఔషధముగాని శస్త్రచికిత్సగాని కలదు. రెండు విధములను సమానముగా తగ్గినచో లోపము కర్ణావర్తమునందో, నాడియందో కలదు. ఒక్క గది, ఒక్క పరికరము, అరగంట కాలము. ఇంతమాత్రముచే చికిత్సామార్గము నిర్ణయింపబడును.

యుద్ధము కన్న విద్య

రెండవ ప్రపంచసంగ్రామమున ఫిరంగుల మ్రోతచేతను, బాంబుల విస్ఫోటములచేతను వినికిడి గోల్పోయిన సైనికులు వేలసంఖ్యలో తిరిగివచ్చిరి. వీరి నిమిత్తము అమెరికా సైన్యము మూడు వైద్యశాలలను ప్రత్యేకించినది: పెన్సిల్వేనియాలోని డెషాన్, ఓక్లహోమాలోని బోర్డెన్, కాలిఫోర్నియాలోని హాఫ్. నౌకాదళమువారికి ఫిలడెల్ఫియాలో వేరొక కేంద్రమేర్పడెను. చచ్చిన రోమకణములను బ్రతికించు మందు లేదు గనుక, చికిత్సకు బదులు శిక్షణ ప్రధానమైనది. మిగిలిన వినికిడిని కొలుచుట, తగిన వినికిడి యంత్రమును ఎంచుట, పెదవుల కదలికను చదువుట నేర్పుట, వినుటలో తర్ఫీదు నిచ్చుట, మాట చెడకుండ కాపాడుట: ఇన్ని పనులు ఒకచోట చేయవలసివచ్చెను. చెవివైద్యునికి మాటనేర్పు విద్య రాదు. ఉపాధ్యాయునికి పరికరజ్ఞానము లేదు. ఇంజనీరునకు రోగిని పలుకరించుట తెలియదు. ఈ మూటిని ఒక్కనియందే కూర్చిన కొత్తవృత్తి కావలసివచ్చెను.

ఆ కొరతను గుర్తించినవారిలో అగ్రగణ్యుడు రేమండ్ కార్హార్ట్. 1912లో జన్మించిన ఈయన నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున వాక్శాస్త్రము బోధించుచుండి, యుద్ధకాలమున డెషాన్ వైద్యశాలలో శ్రవణపునరావాస విభాగమును నడపెను. ఒక సైనికునికి ఏ యంత్రము తగునో ఊహతో చెప్పక, పెక్కు యంత్రములను వరుసగా తగిలించి, ఒక్కొక్కదానితో మాటలను ఎంత స్పష్టముగా గ్రహించుచున్నాడో పరీక్షించి నిర్ణయించు పద్ధతిని ఆయన ఏర్పరచెను. చెవివైద్యుడగు నార్టన్ కాన్‌ఫీల్డు, కార్హార్ట్ ఇరువురి మూలముననే ఆడియాలజీ యను పేరు యుద్ధానంతరమున వాడుకలోనికి వచ్చినది. ‘ఆడీరే’ యను లాటిను పదమునకు ‘లోగోస్’ అను గ్రీకు పదము చేర్చుటచే ఏర్పడిన ఈ పేరు, తెలుగు వైయాకరణులు నిరసించు వైరిసమాసము వంటిదే. పేరు సంకరమైనట్లే విద్యయు సంకరమే. దాని బలమును ఆ సాంకర్యమందే యున్నది.

యుద్ధము ముగిసిన పిమ్మట కార్హార్ట్ నార్త్‌వెస్టర్న్‌కు మరలివచ్చి, శ్రవణశాస్త్రమును స్నాతకోత్తర విద్యగా తీర్చిదిద్దెను. వైద్యశాలలో అక్కరకొలది నేర్చిన పనులకు సిద్ధాంతము, పరిశోధన, పరీక్ష, పట్టము అను కట్టుబాట్లు ఏర్పడినవి. ఆయన శిష్యులలో జేమ్స్ జెర్గర్ ప్రముఖుడు. మధ్యచెవి పరీక్షలో వచ్చు రేఖలను 1970లో ఎ, బి, సి అను వర్గములుగా విభజించినది ఆయనయే. నేటికిని ప్రపంచమంతట విద్యార్థులు ఆ వర్గీకరణమునే చదువుచున్నారు. 1976లో ఆయన సహచరితో గూడి ప్రకటించిన సూత్రము మరింత విలువైనది. చిన్నబిడ్డ విషయమున ఏ యొక్క పరీక్షా ఫలితమును, దానితో సంబంధము లేని మరియొక పరీక్ష బలపరచువరకు, నమ్మరాదనుట దాని సారాంశము. సాక్షి యొక్కడైనచో తీర్పు చెప్పరాదను ధర్మశాస్త్రనీతి వంటిది ఇది.

ఈ శాస్త్రమునకు మహాగౌరవము 1961లో లభించెను. హంగరీ దేశీయుడగు గేయార్గ్ ఫాన్ బేకెషీ బుడాపెస్టులో టెలిఫోను శాఖాపరిశోధనాలయమున ఉద్యోగి. టెలిఫోనును మెరుగుపరచుటకు చెవి ఎట్లు పనిచేయునో తెలియవలెనుగదా యని, ఆయన మృతుల కర్ణావర్తములను తెరచి, వెండిరేణువులు చల్లి, మినుకుమినుకుమను వెలుతురులో సూక్ష్మదర్శినితో పరిశీలించెను. లోపలిపొరపై ఒక అల మొదలునుండి చివరకు ప్రయాణించుననియు, తారస్థాయి స్వరమునకు మొదటనే, మంద్రస్వరమునకు చివరను ఆ యల ఉచ్ఛ్రాయము నందుననియు కనుగొనెను. వీచీతరంగ న్యాయము చెప్పిన ప్రాచీనులు చెవిబయటి యలను ఊహించిరి; ఈయన చెవిలోపలి యలను కన్నులార చూచెను. తపాలా టెలిఫోను శాఖలో ఒక ఉద్యోగి మొదలిడిన పరిశోధన నోబెల్ బహుమతి వరకు సాగుట ప్రభుత్వోద్యోగులెల్లరు గర్వింపదగిన విషయము.

కొలబద్దకే సున్న ఎక్కడ నుండవలెనను చిక్కు చాలకాలము నడచినది. ఆరోగ్యవంతుడు వినగలిగిన కనిష్ఠధ్వనిని సున్నగా నిర్ణయింతురు. అమెరికా 1951లో స్థిరపరచిన సున్నకును, బ్రిటను 1954లో స్థిరపరచిన సున్నకును సుమారు 10 డెసిబెల్లుల తేడా యుండెను. ఒకే మనిషి ఒక దేశమున ఆరోగ్యవంతుడు, వేరొక దేశమున లోపము గలవాడు! 1964లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ ఒక్క సున్నను నిర్ణయించిన పిదప ఈ చిక్కు విడిపోయినది.

మైసూరున పాదుకొనుట

భారతదేశమున ఈ విద్యకు సుముహూర్తము సరిగా ఆ కాలముననే కుదిరినది. 1965లో కేంద్రప్రభుత్వ ఆరోగ్యశాఖ పోషణలో మైసూరునందు ఒక సంస్థ ఏర్పడెను. తొలుత దానికి లోగోపెడిక్స్ సంస్థయని పేరు. 1966లో అది అఖిల భారత వాక్ శ్రవణ సంస్థగా మారెను. 1966 జూలై 25న భవనమునకు శంకుస్థాపన గావించినది నాటి రాష్ట్రపతి డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్. తెలుగు కుటుంబమున జన్మించి, 1918 నుండి 1921 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రాచార్యుడై, 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడై యున్న ఆ మహనీయుడు, తాను పాఠము చెప్పిన పట్టణముననే ఈ సంస్థకు తొలిరాయి నుంచెను. సంస్థ వెలసిన ప్రదేశము మైసూరు విశ్వవిద్యాలయపు మానసగంగోత్రి. ఆ పేరు పెట్టినది కన్నడ మహాకవి కువెంపు.

వినికిడి లోపముతో వచ్చువారు అసంఖ్యాకులు. వారిని పరీక్షింప నేర్చినవారు దేశమున వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. అందుచే ముందుగా గురువులను తయారుచేయవలసియుండెను. 1960ల ఉత్తరార్ధమున మైసూరు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా వాక్ శ్రవణ విషయమున ఎమ్మెస్సీ విద్య, దానివెంట బీఎస్సీ విద్య ఆరంభమైనవి. అదే కాలమున బొంబాయి నగరమున నాయరు వైద్యశాలయందును స్నాతక విద్య మొదలయ్యెను. ఈ రెండు పాదులనుండి పెరిగిన తీగెయే నేడు దేశమెల్ల ప్రాకినది.

ఈ విద్యార్థి చదువవలసిన విషయములు ఆశ్చర్యము గొలుపును. చెవి, మెదడుల నిర్మాణమును వైద్యవిద్యార్థివలె చదువవలెను. ధ్వనితరంగములను భౌతికశాస్త్ర విద్యార్థివలె లెక్కకట్టవలెను. యంత్రములో ధ్వనిని వడగట్టి పెంచు ఏర్పాట్లను ఇంజనీరువలె గ్రహింపవలెను. మనిషి ధ్వనిని ఎట్లు గుర్తించునో మనశ్శాస్త్రమునుండియు, భాషయందలి వర్ణములను భాషాశాస్త్రమునుండియు, ప్రయోగఫలితములను తూచు రీతిని గణాంకశాస్త్రమునుండియు నేర్వవలెను. ఇవి యన్నియు నొక యెత్తు. చికిత్సాలయమున దినదినము రోగులను పరీక్షించుట మరియొక యెత్తు. ఏడ్చు పసిబిడ్డ, ప్రశ్న అర్థముకాని వృద్ధుడు, పరిహారము కొరకు వినబడనట్లు నటించువాడు, పరీక్షగదికి భయపడు పల్లెటూరి స్త్రీ: వీరందరియొద్దను ఒకే యోర్పు చూపవలెను. చివర ఒక పరిశోధన వ్యాసము వ్రాసి సమర్పింపవలెను.

భాష యెదుర్కొన్న సమస్య

భారతీయ విద్యార్థులకు తొలినాళ్లలోనే ఒక చిక్కు ఎదురైనది. అది పాశ్చాత్య గ్రంథములు తీర్పజాలని చిక్కు. వట్టి స్వరములు వినబడుట వేరు, మాట బోధపడుట వేరు. రెండవదానిని కొలుచుటకు పదముల పట్టికలు కావలెను. అమెరికాలో యుద్ధకాలమున హార్వర్డు ప్రయోగశాలలో ఆరంభమై, 1948లో ఈగన్ ప్రకటించిన పట్టికలును, 1952లో సెయింట్ లూయీ బధిర విద్యాలయమున హర్ష్ ప్రభృతులు సవరించిన పట్టికలును ప్రసిద్ధములు. అందలి పదములన్నియు ఏకాక్షరములు. హల్లుతో మొదలై హల్లుతో ముగియునవి పెక్కు. నిత్యభాషణమున ఏ ధ్వని యెంత తరచుగా వచ్చునో అదే పాళ్లలో పట్టికయందును వచ్చునట్లు అవి కూర్పబడినవి.

గుంటూరునుండియో, కరీంనగరునుండియో వచ్చిన రైతునకు ఆ యాంగ్లపదములు వినిపించి, ఆయన చెప్పలేకపోయినచో, అది చెవి దోషమా, భాష తెలియమియా? తెలియుటకు మార్గము లేదు. పోనీ, వానినే తెలుగున అనువదింతమన్నను కుదరదు. తెలుగు అజంతభాష. దేశ్యపదములు దాదాపు అన్నియు అచ్చుతో ముగియును. హల్లుతో ముగియు ఏకాక్షర పదములు కూర్చుటకు తెలుగున పదములే లేవు. చెవి, ముక్కు, పాలు, నీరు అను రెండక్షరముల మాటలే తెలుగు పట్టికకు సహజమగు మూలద్రవ్యము. ఇంతేకాక ఒత్తు గల అక్షరమునకును ఒత్తు లేని దానికిని, దీర్ఘమునకును హ్రస్వమునకును గల భేదము తెలుగున అర్థభేదమును గలిగించును. ‘పలక’ వేరు, ‘పాలక’ వేరు. ‘గుడి’ వేరు, ‘గుడ్డి’ వేరు. ఈ భేదములను వినగలుగుచున్నాడా లేదాయని పరీక్షింపని పట్టిక తెలుగువాని వినికిడిని సరిగా కొలువజాలదు.

అందుచేత మైసూరునందును ఇతర కేంద్రములందును విద్యార్థులు, పరిశోధకులు తెలుగుతో సహా అనేక భారతీయభాషలలో పదపట్టికలను, వాక్యపట్టికలను స్వయముగా కూర్చుటకు పూనుకొనిరి. పదములను సేకరించి, వాడుకలో నున్నవానిని ఏరి, స్పష్టముగా పలుకువారిచే పలికించి ముద్రణచేసి, ఆరోగ్యవంతులకు వినిపించి, సరిపోల్చి స్థిరపరచుట సామాన్యశ్రమ కాదు. శిక్షాకారుల సంతతివారు తమ ప్రాచీనవిద్యను ఆధునిక పరికరముతో జతపరచిన ఘట్టమిది. ఈ పని ముగిసినదని యనుటకు వీలులేదు. కోస్తావాని పలుకుబడి, రాయలసీమవాని పలుకుబడి, తెలంగాణమువాని పలుకుబడి ఒక్కటి కానపుడు, పరీక్షాపదములను ఎంచువాడు జాగరూకుడై యుండవలెను.

పరికరముల పురోగతి

పరికరముల కథ వేగముగా సాగినది. 1920ల వాల్వు యంత్రములు బరువైనవి. వాని బ్యాటరీలను వేరుగా మోయవలెను. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలలో ట్రాన్సిస్టరు పుట్టినది. గ్రాహంబెల్ బధిరులకు చేసిన సేవను స్మరించి, వినికిడి యంత్రములు తయారుచేయువారు ఆ నూతనసాధనమును రాయితీ సొమ్ము చెల్లింపకయే వాడుకొనవచ్చునని ఆ సంస్థ అనుమతించినది. 1952 చివర ట్రాన్సిస్టరు గల వినికిడి యంత్రము అంగడికి వచ్చెను. ట్రాన్సిస్టరు రేడియో కంటె ముందుగా ఆ చిన్నసాధనము చెవికి సేవచేసినది. 1990ల నాటికి ధ్వనిని అంకెలుగా మార్చి, ఒక్కొక్క మనిషి ఆడియోగ్రామునకు తగినట్లు మలచు డిజిటల్ యంత్రములు వెలువడినవి.

చెప్పలేని పసిబిడ్డ వినికిడిని తెలిసికొను ఉపాయములు 1970లలో లభించినవి. శబ్దము విన్నపుడు మెదడుకాండమున పుట్టు విద్యుత్సంకేతములను తలపై పలకలుంచి గ్రహించు పద్ధతిని 1971లో జూయెట్, విల్లిస్టన్ వివరించిరి. 1978లో లండనునందు డేవిడ్ కెంప్ విచిత్రమగు సత్యమును ప్రకటించెను. ఆరోగ్యకరమైన చెవి శబ్దమును వినుటయే కాదు, తానును అతిసూక్ష్మమగు ప్రతిశబ్దమును బయటికి పంపును. పురిటిలో నిద్రించు శిశువు చెవిలో చిన్నగొట్టము నుంచి ఆ ప్రతిశబ్దమును గ్రహించినచో నిమిషములలో పరీక్ష ముగియును. పుట్టిన మొదటినెలలో పరీక్ష, మూడవనెలలోపల రోగనిర్ణయము, ఆరవనెలలోపల చికిత్సారంభము అను నియమము నేడు లోకసమ్మతము. కారణము స్పష్టము. భాష నేర్చుటకు ప్రకృతి యిచ్చిన తొలియేండ్లు గడచిపోయిన పిదప ఎంత మంచి యంత్రము తెచ్చినను పోయిన కాలము తిరిగిరాదు.

యంత్రముచేతను ప్రయోజనము లేని పూర్ణబధిరులకు కర్ణావర్తమున విద్యుత్తంతువును నిలిపి, నాడిని నేరుగా ప్రేరేపించు ప్రయత్నము 1957లో పారిసునందు జూర్నో, ఏరియెస్ అనువారు చేసిరి. 1961లో లాస్ ఏంజెలిసునందు విలియం హౌస్, 1978లో మెల్‌బోర్నునందు గ్రేయం క్లార్క్ ఆ మార్గమును ముందునకు నడిపిరి. క్లార్క్ తండ్రికి వినికిడి తక్కువ. ఔషధాలయమున కూర్చున్న తండ్రి, వచ్చినవారిని బిగ్గరగా చెప్పుమని బ్రతిమాలుట బాల్యమున చూచుటయే ఆయనను ఈ దారి పట్టించినది.

తెలుగునాట

ఈ విద్య తెలుగునాటికి చేరినదారిలో ఒక హైదరాబాదీయుని పేరు కలదు. 1983లో బొంబాయియందు కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయసంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టిరి. హైదరాబాదున పుట్టి, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయములకు ఉపాధ్యక్షుడై, పలుదేశములలో రాయబారియై, 1971 నుండి 1976లో మరణించువరకు మహారాష్ట్ర గవర్నరుగా నుండిన ప్రముఖుడాయన. ఆ సంస్థ శాఖ సికింద్రాబాదునందు వెలసిన పిమ్మట తెలుగువిద్యార్థులకు ఈ చదువు ఇంటికి దగ్గరైనది. 1992లో పార్లమెంటు చేసిన శాసనముచే భారత పునరావాస మండలికి చట్టబద్ధత కలిగి, అర్హత లేనివారు ఈ వృత్తి చేయరాదను నిబంధన యేర్పడినది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము బీదబిడ్డలకు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సను ఉచితముగా కల్పించినది. 2014లో సవరింపబడిన కేంద్రప్రభుత్వ పథకమును ఈ సహాయమును చేర్చుకొన్నది. లక్షలు విలువగల సాధనము కూలివాని బిడ్డకు లభించుట చిన్నవిషయము కాదు. కాని శస్త్రవైద్యుని పని యొక పూటలో ముగియును. శ్రవణశాస్త్రజ్ఞుని పని అప్పుడే మొదలగును. సాధనమును మాటిమాటికి సవరింపవలెను. అంతవరకు నిశ్శబ్దమందున్న బిడ్డకు తలుపుచప్పుడెట్టిదో, కాకి కూతయెట్టిదో, ‘అమ్మా’ యను పిలుపెట్టిదో ఏండ్లతరబడి ఓర్పుతో నేర్పవలెను. పల్లెనుండి పట్టణమునకు వారమువారము బిడ్డ నెత్తుకొని రావలసిన తల్లి కూలిడబ్బులను, బస్సు ఛార్జీలను పథకపత్రములలో లెక్కించువారు తక్కువ. జిల్లాకేంద్రములందు శిక్షితులు లేనిచోట, శస్త్రచికిత్స ఫలింపక, ఖరీదైన సాధనము పెట్టెలో పడియుండు ప్రమాదము కలదు.

ఇట్టి స్థితిలో చదువు స్వరూపమును మారుచున్నది. 21వ శతాబ్ది తొలి సంవత్సరములలో వాక్ శ్రవణములకు ఉమ్మడిగా నుండిన ఎమ్మెస్సీ పట్టము రెండుగా చీలి, శ్రవణశాస్త్రము ఒకటి, వాగ్భాషా చికిత్స ఒకటి యైనవి. ఈ విద్య పుట్టిన అమెరికాలోనో, వృత్తిప్రవేశమునకు ఎమ్మెస్సీ చాలదని, డాక్టరు పట్టము కావలెనని 2007 నాటికి నిర్ణయించిరి. లోతు పెరుగుట మేలే. అయినను తొమ్మిదికోట్లకు మించిన తెలుగుజనమునకు లోతుతోపాటు విస్తృతియు కావలెను. విద్య రెండుగా చీలినను, వినుటయు పలుకుటయు బిడ్డయందు ఒక్కటే యను సత్యమును విద్యార్థి మరువరాదు.

2011 జనగణనమున వినికిడి లోపము గలవారుగా భారతదేశమున నమోదైనవారు సుమారు 50 లక్షల 70 వేలు. లెక్కకు రాని స్వల్పలోపములను గూడ చేర్చినచో ఈ సంఖ్య మిక్కిలి పెరుగును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ననుసరించి లోకమున 150 కోట్లమందికి పైగా ఏదో యొక మేరకు వినికిడి తగ్గియున్నది. అందు 43 కోట్లమందికి పునరావాసము అవసరము. మగ్గముల శాలలోను, రైలు కర్మాగారములోను 90 డెసిబెల్లులకు మించిన మ్రోతలో దినమంతయు పనిచేయువారు, సరియైన మందు వేయని చీముచెవితో పెరుగు పిల్లలు, కొన్ని తీవ్రౌషధముల వలన చెవి చెడినవారు, వయస్సుచే వినికిడి తగ్గినవారు అందరును ఇందు చేరుదురు. వీరిలో చాలమందికి కావలసినది మహాద్భుతము కాదు. సకాలమున ఒక పరీక్ష, సరిగా అమర్చిన ఒక యంత్రము, తమ భాషలో మాటాడు ఒక శిక్షితుడు.

డెషాన్ వైద్యశాలలో సైనికుని ముందు గూర్చుండి ‘ఇది వినబడుచున్నదా?’ యని అడిగిన ప్రశ్నతో ఈ విద్య ప్రారంభమైనది. పట్టములు మారినను, పరికరములు మారినను, ఆ ప్రశ్న మారలేదు. శంఖమూదినవాడు చెవిటివానిని జూచి నవ్వెను. శ్రవణశాస్త్రము చదివినవాడు శంఖమును క్రిందనుంచి, అతని యెదుట గూర్చుండి, ఆ ప్రశ్నను తెలుగున అడుగును. అట్లడుగువారు ప్రతి జిల్లాలోను నిలిచిననాడు ఈ విద్య తెలుగునాట సార్థకమగును.